పెద్దబాపు చెయ్యి ఒప్పలేదు

నేను నేత బట్టతో శిల్పాలు చేస్తాను. కొత్తదాని కోసం మోత్కూర్‌లో మగ్గం నేసే మా నాన్న అన్న, పెద్దబాపుకి నూలు ఇచ్చి, మధ్యమధ్యలో జానెడు మేర నేయకుండా వదిలేయమన్నాను. అక్కడ మిగిలే నిలువు దారాలు గుంజితే బట్ట ఉబ్బి కుండలా నిలబడుతుంది. ఈ రోజు వెళ్లి చూస్తే ఒక్క ఖాళీ లేదు. అంతా నిండుగా నేసేశాడు.

"ఇడిసిపెట్టుమన్న గద పెద్దబాపూ!"

"చెయ్యి ఒప్పలే బిడ్డా. ఎవలన్న చూస్తే ముసలోనికి పని చాతనైతలేదనుకుంటరు."

చిరాకేసింది. ఖాళీ ఉండాల్సిన చోట్ల అడ్డదారాలు నేనే విప్పడం మొదలుపెట్టాను. ఆయన చూడలేక గోడవైపు తిరిగి కూర్చుని, "అయిపాయెనా?" అని నాలుగుసార్లు అడిగాడు. చివరికి దారాలు గుంజాను. బట్ట మెల్లగా ఉబ్బి నిలబడింది. ఆయన ఇటు తిరిగి, దాని లోపల చెయ్యి పెట్టి చాలాసేపు తడిమి చూశాడు.

"ఇంకోటి నేస్త బిడ్డా. గని నిండుగనే నేస్త. విప్పుడు నీ పని."

సరేనన్నాను. పనిని సరిగ్గా చేయడం తప్ప ఇంకోలా చేతకాని మనుషులు మీ ఇంట్లోనూ ఉంటే, వాళ్లతో ఎలా వేగుతున్నారో కాస్త చెప్పండి.