మెరవని మదర్‌బోర్డు

ఇది రాయక్కర్లేదనుకున్నాను గానీ, చెయ్యి ఊరుకోలేదు. అమెరికాలో మా నేపర్‌విల్ తెలుగు చర్చి ఆరాధనను లైవ్‌లో పంపే కంప్యూటర్, ప్రసంగం మధ్యలో వేడెక్కి ఆగిపోతోంది. మా చర్చి కుర్రాడు సునీల్ వాళ్లమ్మ మోకాలి ఆపరేషనయి ఇంట్లోనే ఉంది, ఆవిడకి ఆ లైవే చర్చి. ఇవాళ సునీల్, నేనూ కొత్త మదర్‌బోర్డు కొనడానికి వెళ్లాం. అతను రంగుల లైట్లున్నది తీశాడు. నేను వేడిని లాగే లోహపు దిమ్మ మందంగా ఉన్నది తీశాను. పాత రేడియోలు విప్పిన రోజుల్నుంచీ నేను ముందు బరువే చూస్తాను, పుచ్చకాయైనా అంతే.

"అంకుల్, దీనికి ఒక్క లైటూ లేదు!"

"క్రిస్మస్ చెట్టు కొనడానికొచ్చామా నాయనా? ప్రసంగం ఆమెన్ దాకా వెళ్లాలి."

కొన్ని ప్రసంగాలు మధ్యలో ఆగడమే మేలనేవారు కింద కామెంట్లలో రాయండి, పాస్టర్‌గారికి చెప్పను.

చివరికి నేను తీసిందే కొని బిగించాం, సాయంత్రం పాటల ప్రాక్టీసంతా లైవ్ ఆగలేదు. సునీల్ ఇంటికెళ్లి, రంగు బల్బుల దండ తెచ్చి కంప్యూటర్‌కి చుట్టాడు.