చప్పుడు చెయ్యని కంప్రెసర్

ఆరోగ్య కేంద్రం డ్రైవరుగారు మేనకోడలి పెళ్ళికని సెలవు పెట్టి తొమ్మిది రోజులు కనిపించలేదు. పదో రోజున వచ్చినప్పుడు నాలుగు కిలోలు తగ్గి ఉన్నారు. పెళ్ళికి వెళ్ళి చిక్కిపోయి వచ్చిన మనిషిని ఆ కేంద్రంలో అంతకుముందెవరూ చూడలేదు.

"వంటలు బాగాలేవా అన్నా?" అని నర్సమ్మ అడిగింది.

"వంటలు బాగానే ఉన్నాయమ్మా. వడ్డించేవాళ్ళే లేరు" అన్నారాయన.

అసలు పెళ్ళే లేదు. ఆయనకు మేనకోడలు కూడా లేదు. ఆ తొమ్మిది రోజులూ ఆయన పట్నంలో ఒక ఆసుపత్రి మంచం మీద ఉన్నారు. గుండెకు రక్తం తీసుకెళ్ళే నాళంలో స్టెంటు అనే సన్నటి జాలీ గొట్టం వేయించుకున్నారు. ఇంటికి పంపించేటప్పుడు డాక్టరు చెయ్యకూడని పనులన్నీ వరసగా చెప్పి, ఇంకేమైనా అడగాలా అన్నాడు.

"గాలి పంపు కాలితో తొక్కవచ్చాండీ?"

"సైకిలుకా?"

"జీపుకండి. నాలుగు చక్రాలకీ. వారానికి మూడుసార్లు."

డాక్టరు కళ్ళజోడు తీసి ఆయన్ని అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపును మళ్ళీ మాటల్లో పెట్టవలసిన అవసరం ఇద్దరికీ కనిపించలేదు.

జీపుకు కాలితో గాలి కొట్టడమేమిటని పట్నవాసులు అడగవచ్చు. ఆ కేంద్రం కింద ఉన్న నాలుగు పల్లెలు ఎండిపోయిన ఏటికి అవతల ఉన్నాయి. ఏడు కిలోమీటర్ల ఇసుక దాటాలి. గట్టిగా గాలి ఉన్న చక్రం ఇసుకలో కూరుకుపోతుంది, అందుకని ముప్పై రెండు పౌన్లు ఉన్న గాలిని పద్దెనిమిదికి దింపాలి. అప్పుడు చక్రం కాస్త పరుచుకుని, ఇసుక మీద ఒంటె పాదంలా నడుస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు ఇసుక అయిపోయిన చోట ఒక రేకుల షెడ్డు ఉంది. అక్కణ్ణించి ఆసుపత్రి దాకా పద్దెనిమిది కిలోమీటర్ల రాళ్ళబాట. మెత్తటి చక్రంతో రాళ్ళ మీదికి వెళితే టైరు పక్కభాగం చీరుకుపోతుంది. కాబట్టి షెడ్డు దగ్గర మళ్ళీ ముప్పై రెండుకు ఎక్కించాలి. దింపడం మూడు నిమిషాల పని. ఎక్కించడానికి మాత్రం చక్రానికి రెండు వందల తొక్కుళ్ళు కావాలి. ఇరవై రెండేళ్ళుగా ఆ తొక్కుళ్ళన్నీ డ్రైవరుగారివే. ఆయన తొక్కుతూ ఉంటే బండిలో వచ్చినవాళ్ళు షెడ్డు నీడలో కూర్చుని, ఫ్లాస్కులో టీ పోసుకుని, ఆయన వైపు వీపు తిప్పి కబుర్లు చెప్పుకునేవారు. శ్రమపడుతున్న మనిషిని చూస్తూ టీ తాగడం మర్యాద కాదని అలా ఆచారం ఏర్పడింది.

గుండెకు చికిత్స జరిగినవారు రోగుల బండి నడపరాదని మోటారు గది గోడ మీద ఒక కాగితం ఉంది. దాన్ని మేకు కొట్టి తగిలించింది డ్రైవరుగారే. ఇలాంటి కాగితాలు తగిలించేవారికి వర్తించవని మనకందరికీ ఒక నమ్మకం ఉంటుంది.

"నిజం చెప్పేస్తే పోదా?" అని భార్య ఒకటికి పదిసార్లు అడిగింది.

"చెబితే సీటు పోతుంది."

"సీటు పోతే పోయింది, మనిషి ఉంటాడుగా."

"ఉండి ఏం చేస్తాడు?"

ఆవిడ మాత్రల డబ్బా ఆయన ముందుకు తోసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆయన బావమరిది, అంటే ఆవిడ తమ్ముడు, బజారులో వాహనాల కరెంటు పని చేసే షాపు నడుపుతున్నాడు. ఆసుపత్రిలో తొమ్మిది రోజులూ పక్కనే ఉన్నవాడు కాబట్టి అతని దగ్గర దాచడానికేమీ లేదు. డ్రైవరుగారు ఒక మధ్యాహ్నం జీపు తీసుకుని అక్కడికి వెళ్ళి, బండిలోనే బిగించుకునే కంప్రెసర్ కావాలన్నారు. బావమరిది మూడింటిని తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"చూడు బావా, ఇవి కొనేవాళ్ళంతా అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో ఉన్న ప్రెషరు చూసి మురిసిపోతారు. నూట యాభై అని ఉంటుంది. నీకు కావాల్సింది ముప్పై రెండు. మిగతాది ఇంటికి తీసుకెళ్ళి ఏం చేసుకుంటావు?"

"మరి ఏం చూడాలి?"

"నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి తోస్తుందో చూడాలి. ఆ తర్వాత, వేడెక్కి ఆగిపోకుండా ఎంతసేపు పనిచేస్తుందో చూడాలి. ఇదిగో, ఇది ఇంజను బెల్టుతో తిరుగుతుంది. దీనికి అలుపు లేదు, కానీ బిగించడానికి రెండు రోజులు బండి నాకు వదిలెయ్యాలి. ఇది రెండు సిలిండర్లది. బ్యాటరీ నుంచి తిన్నగా లావుపాటి వైరు లాగి, మధ్యలో ఫ్యూజు పెడతాను. నాలుగు చక్రాలూ ఆరు నిమిషాల్లో నిండుతాయి. మా అక్క పసుపుకుంకాలు నాకు కావాలి కాబట్టి నువ్విది తీసుకో."

"దీని చప్పుడెలా ఉంటుంది?"

బావమరిది స్విచ్చి నొక్కాడు. పిండిమర నెత్తిన పెట్టుకున్నట్టయింది. ఎదుటి దుకాణంలో కునుకు తీస్తున్న గడియారాల మనిషి లేచి బయటికి వచ్చాడు.

"ఆ మూడోది?"

"అది కార్లలో షికార్లకి వెళ్ళేవాళ్ళ కోసం. చక్రానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది. రెండు చక్రాలు కొట్టి అరగంట పడుకుంటుంది."

"చప్పుడు?"

అది కూడా నొక్కాడు. పిల్లి గురక పెట్టినట్టు చిన్న శబ్దం వచ్చింది.

"ఇది ఇవ్వు" అన్నారు డ్రైవరుగారు.

బావమరిది బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు. "పన్నెండేళ్ళ నుంచి ఈ షాపులో ఉన్నాను బావా. లీటర్లు అడిగినవాళ్ళున్నారు, గ్యారంటీ అడిగినవాళ్ళున్నారు, రంగు అడిగినాయన కూడా ఒకాయనున్నాడు. చప్పుడు చూసి కంప్రెసర్ కొనేవాణ్ణి నిన్నే చూస్తున్నా."

"నీకు తెలీదురా. ఇరవై రెండేళ్ళు కాలితో కొట్టినవాడు ఇవాళ మిషను పెట్టాడంటే ఎందుకని అడగరూ?"

"అడిగితే మోకాళ్ళ నొప్పులని చెప్పు."

"కేంద్రంలో ఉన్నవాళ్ళంతా డాక్టర్లూ నర్సులే. మోకాళ్ళు చూస్తామంటారు. మోకాళ్ళతో మొదలుపెట్టినవాళ్ళు అక్కడితో ఆగుతారా?"

బావమరిది స్క్రూడ్రైవరు అందుకున్నాడు. చిన్నదాన్ని డ్రైవరు సీటు కింద బిగించాడు. "గాలి ఆడేలా వదిలెయ్యి, దాని మీద ఏమీ పెట్టకు" అని రెండుసార్లు చెప్పాడు. డ్రైవరుగారు తలూపి, ఇంటికి వెళ్ళాక దాని మీద పాత దుప్పటి ఒకటి నాలుగు మడతలు వేసి కప్పారు. పిల్లి గురక కూడా వినిపించలేదు.

ఆ తరవాత మూడు నెలలు రేకుల షెడ్డు దగ్గర జరిగిన నాటకానికి ప్రేక్షకులు లేరు, ఉన్నవాళ్ళు వీపు తిప్పి కూర్చున్నారు. డ్రైవరుగారు బ్యాటరీ చార్జి అవ్వాలంటూ ఇంజను ఆపేవారు కాదు. సీటు కింది నుంచి సన్నటి గొట్టం లాగి చక్రానికి తగిలించేవారు. పాత కాలిపంపును పక్కనే పెట్టుకుని, దాని గొట్టం దేనికీ తగిలించకుండా, తాపీగా తొక్కేవారు. తుస్సు, తుస్సు మని గాలి గాల్లో కలిసేది. తొక్కుడుకీ తొక్కుడుకీ మధ్య ఇరవై రెండేళ్ళ అనుభవంతో ఒక మూలుగు కూడా కలిపేవారు. రెండు చక్రాలయ్యాక మిషను పడుకుంటే, అలుపు తీర్చుకునే వంకతో తానూ అరగంట నీడలో కూర్చునేవారు.

"ఈ మధ్య మెత్తగా తొక్కుతున్నారేంటన్నా?" అని నర్సమ్మ ఒకసారి అంది, వెనక్కి తిరక్కుండానే.

"వాషరు మార్చానమ్మా."

ఎండ బాగా ముదిరిన ఒక రోజు ఏటి అవతలి పల్లెలో గడ్డి కోసే యంత్రంలో ఒకాయన కుడిచెయ్యి పడింది. బండి వెళ్ళేసరికి చేతికి చీర చుట్టి ఉంది, చీర ఏ రంగుదో తెలియడం లేదు. నర్సమ్మ అతన్ని వెనక సీట్లో పడుకోబెట్టి, మణికట్టు పైన రెండు చేతులతో అదిమి పట్టుకుని కూర్చుంది. అతని భార్య కాళ్ళ దగ్గర కూర్చుంది. ఇసుక సాఫీగానే దాటింది. షెడ్డు దగ్గర ఎవరూ దిగలేదు, ఎవరూ వీపు తిప్పలేదు.

డ్రైవరుగారు గొట్టం తగిలించారు. మొదటి చక్రం నిండింది. రెండోది నిండేటప్పటికి పదహారు నిమిషాలయ్యాయి. మూడోదానికి తగిలించి స్విచ్చి వేస్తే ఉలుకూ పలుకూ లేదు. సీటు కింద చెయ్యి పెట్టారు. దుప్పటి చురుక్కుమంది. కంప్రెసర్ తన్ను తాను కాపాడుకోవడానికి ఆగిపోయింది. ఆ తెలివి దానికి పుట్టుకతోనే ఉంది.

"ఏమైందన్నా?" అంది నర్సమ్మ. "నేను చెయ్యి తీయలేను. తొందరగా కానివ్వండి."

డ్రైవరుగారు కాలిపంపు దింపి, దాని గొట్టం మూడు నెలల్లో మొదటిసారిగా నిజంగా చక్రానికి తగిలించి తొక్కడం మొదలుపెట్టారు. ముప్పై దాకా లెక్క సరిగానే ఉంది. ముప్పై ఒకటి దగ్గర ఎడమ దవడలో ఏదో పట్టేసింది. ముప్పై నాలుగు దగ్గర ఎవరో ఛాతీ మీద మోకాలు పెట్టినట్టయింది. ఆయన కాలు తీసి, బండి తలుపు పట్టుకుని నిలబడ్డారు.

"అమ్మా" అన్నారు గాయపడినాయన భార్యతో. "నువ్వు దిగి ఈ పంపు తొక్కాలి."

ఆవిడ ఆయన్ని కిందికీ పైకీ చూసింది. "నేనా? మీకేం, నిక్షేపంలా ఉన్నారుగా."

ఎదురుగా నర్సమ్మ ముఖం ఉంది. మోకాళ్ళని చెప్పడానికి అప్పటికి కూడా వీలుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"గుండెకు స్టెంటు వేశారు. మూడు నెలలైంది" అన్నారు డ్రైవరుగారు.

ఆవిడ దిగి, కొంగు నడుముకు దోపి, తొక్కింది. సగం తొక్కుళ్ళు చక్రానికి, సగం ఆయనకి అన్నట్టు తొక్కింది. "చేతకానివాళ్ళు చేతకాదని చెప్పాలి. మా ఆయన ప్రాణంతో ఆడుకోకూడదు" అని మధ్యలో ఒకసారి అంది. డ్రైవరుగారు నాలుక కింద మాత్ర పెట్టుకుని గాలి కొలిచే మీటరు పట్టుకుని నిలబడ్డారు. ఛాతీ మీది మోకాలు మెల్లగా లేచింది. అప్పటికి చక్రాలూ నిండాయి.

"ఇప్పుడు నడపగలరా డ్రైవరుగారూ?" అంది నర్సమ్మ.

పదకొండేళ్ళుగా 'అన్నా' తప్ప మరో పిలుపు ఆమె నోట రాలేదు.

"నడుపుతాను."

వేరే దారి లేదు కాబట్టి ఆమె కూడా ఒప్పుకుంది. ఆ పద్దెనిమిది కిలోమీటర్లూ అద్దంలో ఆమె కళ్ళు ఆయన మెడ మీదే ఉన్నాయి.

ఆసుపత్రి వరండాలో ఆమె మోచేతుల దాకా కడుక్కుంటూ, ఆయన వైపు చూడకుండానే మాట్లాడింది.

"సోమవారం దాకా ఆగుతాను. పెద్ద డాక్టరుగారికి మీరే చెప్పండి. లేకపోతే నేను రాసిస్తాను."

"రాస్తే నా సీటు పోతుంది నర్సమ్మా."

"ఆ సీటు పక్కన కూర్చునేది నేను. వెనకాల కూర్చునేది పేషెంట్లు. ఇసుక మధ్యలో మీకేమన్నా అయ్యుంటే మమ్మల్ని ఎవరు తీసుకొచ్చేవాళ్ళు? ఒక్కసారైనా ఆలోచించారా?"

ఆయన ఆలోచించలేదు. మూడు నెలలూ ఎవరు చూస్తారన్నదే ఆలోచించారు.

నాలుగో రోజున ఆయన గాయపడినాయన్ని చూడటానికి వెళ్ళారు. చెయ్యి దక్కింది. అతను కట్టు లోంచి వేళ్ళు ఆడించి చూపించాడు. మూడు వంగాయి, చివరి రెండూ వంగలేదు. "గడ్డి కొయ్యడానికి మూడు చాలు" అని అతను నవ్వాడు. భార్య నవ్వలేదు. షెడ్డు దగ్గర పోయిన ఆ నిమిషాలకీ ఈ రెండు వేళ్ళకీ ఏమైనా సంబంధం ఉందా అని ఆపరేషన్ చేసిన డాక్టరును అడగాలని డ్రైవరుగారు వరండాలో గంటసేపు నిలబడ్డారు. డాక్టరు రెండుసార్లు ఆయన ముందు నుంచే వెళ్ళాడు. రెండుసార్లూ డ్రైవరుగారు నమస్కారం పెట్టి ఊరుకున్నారు.

సోమవారం పొద్దున్న పెద్ద డాక్టరుగారి గదిలోకి వెళ్ళి అంతా చెప్పారు. డాక్టరుగారు కోప్పడలేదు. కోప్పడితే తిరిగి ఏదో అనవచ్చునని డ్రైవరుగారు రెండు వాక్యాలు సిద్ధం చేసుకుని వెళ్ళారు, అవి మిగిలిపోయాయి. ఏటికి అవతలి పల్లె నుంచి ట్రాక్టరు నడిపే ఆయన వచ్చే వారం నుంచి బండి తీసుకుంటాడన్నారు. డ్రైవరుగారికి మోటారు గదిలో సామాను చూసే పని. వెళ్ళేలోగా బండికి సరైన కంప్రెసర్ ఏదో చూసి దరఖాస్తు పెట్టమన్నారు. కంప్రెసర్ల సంగతి ఇక్కడ ఇంకెవరికీ తెలియదన్నారు.

గుమాస్తా బల్ల దగ్గర నిలబడి ఆయన దరఖాస్తు నింపారు. రెండు సిలిండర్లది, నిమిషానికి ఇన్ని లీటర్లు, ఆగకుండా ఇన్ని నిమిషాలు, బ్యాటరీ నుంచి లావుపాటి వైరు, మధ్యలో ఫ్యూజు, సీటు కింద కాకుండా గాలి తగిలే చోట బిగించాలి. చేతిరాత గుండ్రంగా ఉంది. 'అవసరానికి కారణం' అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.

"అక్కడ 'అత్యవసర సేవల నిమిత్తం' అని రాసెయ్యండి" అన్నాడు గుమాస్తా. "అందరూ అదే రాస్తారు."

డ్రైవరుగారు తలవంచి రాశారు. గుమాస్తా కాగితం తిప్పుకుని పైకి చదివాడు.

"'ఇప్పుడున్నది డ్రైవరు సొంతంగా కొన్నది. చప్పుడు రాకూడదని కొన్నాడు. గాలి చాలలేదు.' ఇదేమిటి సార్? దీన్ని పైవాళ్ళు చదువుతారు."

"చదవనీ."

"కొట్టేసి ఇంకోలా రాద్దాం. మీకే మంచిది."

"కారణం అడిగారు కదా" అన్నారు డ్రైవరుగారు. "కారణం అదే."

గుమాస్తా ఆయన ముఖం చూసి ముద్ర వేశాడు. డ్రైవరుగారు జేబులోంచి బండి తాళం తీసి, దరఖాస్తు ఎగిరిపోకుండా దాని మీద పెట్టి, మోటారు గది వైపు నడిచారు.