దేవయ్య చెప్పిన రెండో సగం

దేవయ్యకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా కువైట్‌లో, ఫర్వానియాలోని మా గదిలో ఇంగ్లీషు సినిమాలకు తెలుగు చెప్పేది ఆయనే. షుఐబా రేవులో మూటలు మోసి వచ్చి, స్నానం చేసి, టీవీ పక్కన పీట వేసుకునేవాడు. తెర మీద ఎవరు నోరు తెరిచినా ఈయన నోరు కూడా తెరుచుకునేది. జగిత్యాల పక్క పల్లెలో ఒగ్గుకథలు వింటూ పెరిగిన మనిషి, ఆగమంటే ఆగడు. నాకు ఒళ్లు మండేది. "తెలియంది తెలిసినట్టు ఎందుకు చెప్తావన్నా?" అంటే, "నీకు దెలిస్తే నువ్వు చెప్పరాదు" అనేవాడు.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టు మొదట్లో తెచ్చిన క్యాసెట్ ఒక మాయరోగం గురించి. ఒక ఊళ్లో మొదలై ఓడలెక్కి, విమానాలెక్కి ప్రపంచమంతా పాకుతుంది. రోగి పక్కన నిలబడితే చాలు, వాడూ పోతాడు. సగం చూసి, పొద్దున్నే డ్యూటీ ఉందని మిగతాది మర్నాటికి ఆపాం. మర్నాడు లేచేసరికి కువైట్ వీధుల్లో ఇరాక్ ట్యాంకులున్నాయి. కొద్దిరోజులకు సైనికులు గదిలోకి వచ్చి టీవీ, వీసీఆర్ ఎత్తుకుపోయారు. క్యాసెట్ అందులోనే ఉండిపోయింది.

పనుల్లేవు. రొట్టె కోసం వరుసలో నిలబడటం, గదికొచ్చి తలుపుకీ కిటికీకీ మధ్య తిరగడం. బస్సులు పోతున్నాయని ఒకరు, దారి మూసేశారని ఇంకొకరు. పడుకుంటే కన్ను మూతపడదు, లేస్తే చేయడానికేమీ లేదు. ఇంతలోనూ ఆ సినిమాలో రోగం ఆగిందా లేదా అని పోట్లాడుకునేవాళ్లం. పిచ్చి కాకపోతే ఏమిటి?

చివరికి బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు పోయే బస్సు ఖాయమైంది. సరిగ్గా ముందురోజే మా గదిలోని గంగులయ్యకు జ్వరం, ఒంటినిండా పొక్కులు. రాయచోటి మనిషి, తోటపని చేసేవాడు, నోట్లో నాలుక లేనివాడు. అమ్మవారు పోసిందని మాకు తెలుసు. ఇంటి దగ్గరైతే వేపమండలు కట్టి పక్కనే కూర్చునేవాళ్లం. కానీ మా కళ్లలో ఆ సినిమా ఆడుతోంది.

"బస్సులో ఒకడికి పొక్కులు కనపడితే బార్డర్‌లో అందర్నీ ఎనక్కి తోల్తారు" అన్నాడు పెంచల్. వాడూ మా గదివాడే, వాడిదీ గంగులయ్య ఊరి పక్కే. "నీళ్లు, రొట్టెలు పెట్టి ఈడనే వదిలి పోదాం. బాగైనాక ఇంకో బస్సుకు రానీ."

అందరికీ భయమే. నాకైతే మరీ. గంగులయ్య గోడవైపు తిరిగి పడుకుని అంతా వింటున్నాడు.

దేవయ్య పీట లాక్కుని, ఒకప్పుడు టీవీ ఉన్న చోటు పక్కన కూర్చున్నాడు. "సిన్మా సగమే అయింది గదా. మిగిలింది ఇనున్రి."

"నువ్వు యాడ చూసినావన్నా?" అన్నాడు పెంచల్.

"రేవుల మలబారోళ్ల గదిల చూసిన. రోగం లేనోళ్లందరు ఓడెక్కిన్రు. రోగమున్నోన్ని ఒడ్డు మీద ఇడిసిపెట్టిన్రు. నడి సముద్రంల ఇంకొకనికి జెరమొచ్చె. వాన్ని నీళ్లల్లకు తోసిన్రు. మల్లొకనికొచ్చె. వాన్ని గూడ తోసిన్రు. ఆఖరుకు ఓడల ఒక్కడే మిగిలిండు. ఆనికీ జెరమొచ్చె. గుక్కెడు నీళ్లియ్యనీకె మనిషి లేడు."

 గోడవైపు నుంచి సన్నగా గొంతు వినిపించింది. "ఒడ్డు మీద ఉన్నోడు ఏమైనాడన్నా?"

"ఆడు బతికిండు గంగులయ్యా" అని, దేవయ్య పెంచల్ వైపు తిరిగాడు. "తమ్మీ, గీ గదిల అందరం ఒక్క గిలాసతోనే నీళ్లు తాగినం. రేపు తొవ్వల నీకు పోస్తే నిన్నెక్కడ దింపాలె? గా జాగేదో ఇప్పుడే చెప్పు."

 తెల్లారాక గంగులయ్యకు నిండుచేతుల చొక్కా తొడిగి, ముఖానికి తువ్వాలు చుట్టింది పెంచలే. ఆ ఒక్కడే తేడాగా కనిపించకూడదని అందరం అలాగే చుట్టుకున్నాం. దారి పొడవునా సైనికులు బస్సు ఆపినప్పుడల్లా నేను తువ్వాలు ఇంకాస్త బిగించుకున్నాను. ఎవరూ తువ్వాళ్లు తీయమనలేదు.

సరిహద్దు దగ్గర ఎడారి గుడారాల్లో ఉండగా అమ్మవారు నాకు పోసింది. నీళ్ల లారీ దగ్గర నలుగురితో కొట్లాడి, డబ్బా నింపుకొచ్చి నా నోట్లో పోసింది గంగులయ్య. అప్పటికి వాడి పొక్కులు ఎండి రాలిపోయాయి.

దేవయ్య మళ్లీ గల్ఫ్ మొహం చూడలేదు. ఊళ్లో మేకలు కాసుకుంటూ, పిల్లలకు కథలు చెప్పుకుంటూనే కన్నుమూశాడు. చాలా ఏళ్లకు ఆ సినిమా తెలుగులో టీవీలో వచ్చింది. కదలకుండా చివరిదాకా చూశాను. ఎవరో డాక్టరు మందు కనిపెట్టాడు, జనం చప్పట్లు కొట్టారు. ఒడ్డు మీద వదిలేసిన మనిషే లేడు.

మా ఆవిడ సగంలోనే కునికింది. లేచి, "ఆఖరికి ఏమైంది?" అని అడిగింది.

"ఓడెక్కినోళ్లంతా పోయినారు" అన్నాను. "ఒడ్డున వదిలేసినోడు బతికినాడు."