హేతువాది కొన్న కూలరు

బందరులో బ్రాడ్‌బ్యాండ్ అంటే ఇంకా జనం వింతగా చూసే ఆ రోజుల్లో, మా వీధిలో మొదటి కనెక్షన్ నాది. టేబుల్ మీద ఆ చిన్న పెట్టె దీపాలు మిణుకుమంటుంటే ప్రపంచ జ్ఞానమంతా అడ్రసు కనుక్కుని మా ఇంటికే వచ్చేసిందనిపించేది. అప్పటికి నాకు పాతికేళ్లు. ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్లు చెప్పేవాణ్ణి. ఆదివారమొస్తే మా హేతువాద మిత్రులతో కలిసి ఊళ్ల మీద పడేవాణ్ణి. బాబాలు గాల్లోంచి విభూతి ఎలా తీస్తారో చేసి చూపించేవాళ్లం, కాదన్నవాళ్లతో గొంతు పోయేదాకా వాదించేవాళ్లం. ఎవరు ఏం చెప్పినా “ఆధారం ఏది?” అనడం నాకు అలవాటైపోయింది. అందుకే అవనిగడ్డలో ఉండే మా బావ నాకు ‘ఆధారం గారు’ అని పేరు పెట్టాడు. (ఆ పేరు చుట్టాలందరికీ పాకింది. పెళ్లి శుభలేఖ మీద కూడా ఎవరో అలాగే రాసి పంపారు.)

బావ అంటే మా పెద్దమ్మ అల్లుడు. పెద్దమ్మ అంటే నన్ను పెంచిన మనిషి. ఆ వేసవిలో ఆమెకు బందరులోనే కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. “కంట్లోకి చెమట కారకూడదు, కొన్నాళ్లు చల్లటి గదిలో ఉంచండి” అన్నాడు డాక్టరు. ఆ మాట అనగానే బావ లేచి, “మా పెంకుటిల్లు చల్లగా ఉంటుంది, అత్తయ్యగారిని మేం తీసుకెళ్తాం” అన్నాడు. నాకు ఎక్కడో కాలింది. పెంచుకున్న కొడుకును నేనుండగా అల్లుడింటికి వెళ్లడమేమిటి? “పెంకుటిల్లు చల్లగా ఉంటుందనడానికి ఆధారం ఏది? మా ఇంట్లో చల్లటి గది నేను తయారు చేస్తాను” అన్నాను. “సరే ఆధారం గారూ, చేసి చూపించండి. చెమట పట్టిందంటే మాత్రం కారేసుకుని వచ్చేస్తా” అన్నాడు బావ. పెద్దమ్మ కట్టు లేని కంటితో మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు.

ఏసీ నా జీతానికి అందేది కాదు. నీళ్లు పోసే పెద్ద కూలరు తీసుకుందామని బజారుకెళితే ఆ రకం ఒక్క కొట్లోనూ లేదు. “ఇక్కడ ఎవరూ కొనరండీ” అన్నాడు ఒకాయన. ఎందుకు కొనరని అడగాలి కదా? అడగలేదు. జీవితమంతా ‘ఎందుకు’ అని అడిగినవాణ్ణి ఆ ఒక్కచోట అడగకుండా, ఈ ఊరు ఎప్పటికి బాగుపడుతుందో అని జాలిపడి ఇంటికొచ్చేశాను. రాగానే నెట్ తెరిచాను. అక్కడ నా కూలరు అయిదు నక్షత్రాలతో వెలిగిపోతోంది. ‘పన్నెండు డిగ్రీల వరకు తగ్గిస్తుంది’ అని కంపెనీ అంటోంది. ‘మే నెలలో దుప్పటి కప్పుకుంటున్నాం’ అని నాగపూర్ నుంచి ఎవరో అంటున్నారు. కొట్టువాడు సరుకు పొగిడాడంటే స్వార్థం అనుకోవచ్చు. ముక్కూమొహం తెలియని నాగపూర్ మనిషికి నాతో అబద్ధమాడాల్సిన పనేముంది? స్వామీజీ మహిమల గురించి భక్తులు చెప్పే సాక్ష్యాన్ని సరిగ్గా ఇలాగే చీల్చి చెండాడిన నేను, నక్షత్రాలను మాత్రం కళ్లకద్దుకుని ఆర్డరు పెట్టేశాను. పిన్‌కోడ్ కొట్టగానే ‘మీ ప్రాంతానికి పంపగలం’ అని ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. నా గుండె కూడా చల్లబడింది.

కూలరు వచ్చిన రోజు పడమటి గాలి నిప్పులు చెరుగుతోంది. నీళ్లు పోసి మీట నొక్కితే అబ్బో, ఆ గదిలో ఊటీ దిగింది! సాయంత్రానికి పెద్దమ్మ దుప్పటి అడిగింది. నేను ఆగలేక అవనిగడ్డకు ఫోన్ చేశాను.

“బావా, పెద్దమ్మ దుప్పటి కప్పుకుంది!”

“జ్వరమేమో, చెయ్యి పెట్టి చూడవోయ్” అన్నాడు బావ.

మర్నాడు గాలి మళ్లింది. సముద్రం మీంచి తేమ మోసుకుని మొదలైంది. అదే కూలరు, అవే నీళ్లు; మధ్యాహ్నానికి గది ఇడ్లీపాత్ర అయిపోయింది. (చల్లదనం బయటికి పోకుండా నేను తలుపులూ కిటికీలూ బిగించి, సందుల్లో గుడ్డలు కూడా కుక్కాను లెండి.) అప్పడాలు గుడ్డపీలికల్లా వేలాడాయి. ఉప్పు జాడీలో నీరు చేరింది. అగ్గిపుల్ల గీస్తే మందు ఊడి వచ్చింది. పెద్దమ్మ నుదుటి మీద చెమట, చెమట మీద నా తువ్వాలు. నేను మాత్రం గోడకు తగిలించిన థర్మామీటరు తీసుకొచ్చి ఆమె కట్టు లేని కంటికి ఎదురుగా పట్టాను.

“చూడు పెద్దమ్మా, బయటికంటే మూడు డిగ్రీలు తక్కువ. నీకు ఉక్కగా ఉందనేది ఒట్టి భ్రమ.”

“నాకు తెలుస్తోందిరా నాయనా. ఆ చెమటకే తెలియట్లేదు, దానికి చూపించు.”

ఇక కస్టమర్ కేర్ వాళ్లతో నా సంసారం మొదలైంది. ‘మీ కాల్ మాకెంతో ముఖ్యం’ అంటూ ఒక గొంతు. అంత ముఖ్యమైతే ఎత్తొచ్చు కదా! ఎత్తరు. ఒకటి నొక్కు, రెండు నొక్కు, మళ్లీ మొదటికి రా. చివరికి దొరికిన మనిషి, “స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, కాసేపు ఆగి మళ్లీ పెట్టండి సార్” అన్నాడు. పెట్టాను. “ఇంకోసారి చెయ్యండి సార్.” చేశాను. “నీళ్లు మొత్తం తీసేసి కొత్తవి పొయ్యండి సార్.” పోశాను. తాయెత్తు కట్టుకున్నవాడి చెయ్యి పట్టుకుని వీధిలో నిలబెట్టి వాదించిన నేను, ఎవరో ఏ ఊళ్లోనో కూర్చుని ఫోన్లో చెప్పినట్టల్లా ప్లగ్గు చుట్టూ వంగి లేస్తున్నాను. చూడ్డానికొచ్చిన బావ గుమ్మంలో నిలబడి, “కానివ్వండి ఆధారం గారూ. తడిబట్ట కట్టుకుని చేస్తే ఫలితం ఇంకా త్వరగా ఉంటుందేమో” అన్నాడు.

కొన్నాళ్లకు గుడివాడ నుంచి కంపెనీ మెకానిక్కును పంపారు. ఆయన వచ్చిన రోజు, నా ఖర్మ (ఈ మాట హేతువాది వాడకూడదు, కానీ ఆ రోజు నోటికి ఇంకోటి రాలేదు), మళ్లీ పడమటి గాలి. కూలరు మంచులా వీచింది. “బ్రహ్మాండంగా పనిచేస్తోంది కదండీ!” అని సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. ‘మీ ఫిర్యాదు విజయవంతంగా పరిష్కరించబడినది’ అని మెయిలు వచ్చింది. మెయిలు చదువుతుండగానే గాలి మళ్లీ సముద్రం వైపు నుంచి మొదలైంది. మళ్లీ ఫిర్యాదు. మళ్లీ ఆయన. మళ్లీ పడమటి గాలి, మళ్లీ ఊటీ! రెండోసారి ఆయన బండి స్టార్టు చేస్తుంటే నేను ఎదురెళ్లి, “ఉండండి, కాఫీ తాగి వెళ్దురుగాని” అని బతిమాలాను. ఆ మనిషి ఇంట్లో ఉంటే కూలరు పనిచేస్తుందని నా లోపల ఎక్కడో నమ్మకం కుదిరిపోయింది. చేతి మహిమ అనే మాట బయటికి అనలేదంతే.

బావ కారేసుకుని వచ్చేసిన రోజు నేను ఆఖరి పోరాటంలో ఉన్నాను. ఫోను స్పీకర్లో పెట్టి, మేనేజరునే పిలవమని అరుస్తున్నాను. ఎంతసేపటికో ఒక పెద్దాయన గొంతు వినిపించింది.

“మీ ఊరు సముద్రానికి ఎంత దూరం సార్?”

“దూరమేమిటండీ, బందరు! సముద్రం పక్కనే కదా!”

“ఆ మోడల్ పొడి గాలికి సార్. గాలిలో తేమ ఉంటే చల్లబరచదు. తీరప్రాంతాలకు మేం సిఫారసు చెయ్యం.”

“మరి పిన్‌కోడ్ అడిగి, మీ ప్రాంతానికి పంపగలం అన్నారే!”

“పిన్‌కోడ్ డెలివరీ కోసం సార్. చల్లదనం కోసం కాదు.”

బావ మంచం పట్టె పట్టుకుని నవ్వాడు. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వాడు. పెద్దమ్మ నవ్వలేదు. నెమ్మదిగా లేచి, సంచిలో చీరలు సర్దుకుంటూ, “నేను అవనిగడ్డ వెళ్తానురా” అంది.

నాకు వాదనలో ఓడిపోవడం తెలియదు. ఓడిపోతున్నానని తెలిస్తే గొంతు ఇంకా పెరుగుతుంది. “అవనిగడ్డలో ఏముంది పెద్దమ్మా? ఆ పక్కన కృష్ణ, ఈ పక్కన సముద్రం, చుట్టూ నీళ్లు పెట్టిన పొలాలు. అక్కడి గాలిలోనూ ఇదే తేమ. పెంకుల వల్ల ఎండ తగ్గుతుందేమో కాని ఉక్క తగ్గదు. ఇక్కడికంటే అక్కడ సుఖమనడానికి శాస్త్రీయంగా ఒక్క ఆధారమూ లేదు. బావని చెప్పమను చూద్దాం!” అన్నాను. బావ ఒప్పుకున్నట్టు తలూపి, కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. నేను చెప్పినదాంట్లో తప్పు లేదు మరి.

పెద్దమ్మ సంచి మూతి ముడివేసి, చేత్తో నా చెంప తడిమింది.

“నువ్వు చెప్పిందే నిజంరా. గెలిచావు. ఇక వెళ్లనా?”

కారు చల్లపల్లి దారి పట్టేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను. వాదనలో చెప్పకుండా మిగిలిపోయిన అంశాలు ఇంకా నాలుక మీద వరసకట్టి ఉన్నాయి. అవన్నీ ఒకదాన్ని మించి ఒకటి గట్టివి. ఇన్నేళ్ల తర్వాత ఆ గేటు దగ్గరి పాతికేళ్లవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, వాడి భుజం మీద చెయ్యి వెయ్యాలనీ ఉంటుంది. గాలి గురించి, నీటి గురించి, పెంకుల గురించి అంతసేపు మాట్లాడాడు కదా. “వెళ్లకు పెద్దమ్మా, నువ్వు లేకపోతే నాకు తోచదు” అన్న ఒక్క ముక్క మాత్రం ఆ పిచ్చివాడికి తట్టలేదు. దానికి ఆధారం అడిగేవాళ్లు ఎవరూ లేరు.