తాడు చివర తొమ్మిది మంది

నా చిన్నప్పుడు మా ఇంట్లోనే ఒక దొంగతనం చేశాను. అందుకు సిగ్గుపడింది లేదు గానీ, గంగమ్మకు దండం పెట్టుకునేటప్పుడు ఇప్పటికీ గుర్తొస్తుంది.

మాది వాకాడు వైపు, సముద్రం ఒడ్డున చేపలు పట్టుకుని బతికే పల్లె. నేను బడికి పోలేదు. అక్షరాలన్నీ మా అవ్వే ఇసుకలో దిద్దించింది. ఒకరోజు తెల్లారేసరికి, ఇంజను చెడిపోయిన పడవ ఒకటి మా ఒడ్డుకు కొట్టుకొచ్చింది. శ్రీలంకలో యుద్ధం నుంచి ప్రాణాలు దక్కించుకుని బయల్దేరిన తమిళులు, తొమ్మిది మంది. మగవాళ్లు ఇద్దరే, మిగతా అంతా ఆడవాళ్లూ పిల్లలూ. అందులో నా ఈడు పిల్ల ఒకతె, పెదాలు ఉప్పుకు పగిలి, నీళ్లు అడగడానికి కూడా నోరు రాక కూర్చుని ఉంది.

మా పల్లె కట్టుబాట్లు చూసే పెద్దకాపు చెడ్డవాడు కాదు, భయస్థుడు. ఆ మగవాళ్లలో తుపాకీ పట్టినవాడెవడైనా ఉంటే ఊరంతా కేసుల్లో ఇరుక్కుంటుందని, అధికారులు వచ్చేదాకా వాళ్లకు ఎవరూ నీళ్లూ నిప్పూ ఇవ్వకూడదని దురాయి వేశాడు. దురాయి అంటే పల్లె మొత్తానికీ కట్టుబాటు. మీరిన ఇంటివాళ్లను వల దగ్గరికి రానివ్వరు. అధికారులు వచ్చేది మర్నాటి సాయంత్రానికి. ఆ పిల్ల అంతదాకా ఆగేలా లేదు.

నేను అవ్వ చూడకుండా ఇంట్లోని గంజి ముంత తీసి పావడా చాటున పెట్టుకుని పరిగెత్తాను. పడవ ఇంకా దూరముండగానే పెద్దకాపు చెయ్యి నా భుజం మీద పడింది. నన్ను తెచ్చి అవ్వ ముందు నిలబెట్టాడు.

"చూడత్తా, నీ మనవరాలి నిర్వాకం! ఇట్టయితే ఊరికి కట్టేముంటది?"

"తప్పే నాయనా. దొంగచాటుగా పెట్టడం తప్పే" అంది అవ్వ.

నాకు ఏడుపు ఆగలేదు. అవ్వ మాత్రం నా చెయ్యి పట్టుకుని నేరుగా పడవ దగ్గరికి నడిచింది. మా పల్లెల్లో తమిళం కొత్త కాదు. ఆమె ఏదో చెప్పగానే తొమ్మిది మందీ తూలుతూ లేచారు. అప్పటికే మా పల్లె మగవాళ్లంతా ఒడ్డున నిలబడి అలివి వల లాగుతున్నారు. రెండు పెద్ద తాళ్లతో ఊరంతా కలిసి లాగే వల అది. అవ్వ వాళ్లను తీసుకెళ్లి ఒక తాడు చివర పట్టించింది. ఆ పిల్ల చేతి పక్కన నా చెయ్యి పెట్టించింది.

"అత్తా, ఏందిది!" అన్నాడు పెద్దకాపు.

"తాడు పట్టినోళ్లకి కుండలో నీళ్లు, వలలో వాటా ఇయ్యాలనింది మీ తాత పెట్టిన కట్టే గదా? నీ దురాయి ఈ పొద్దు పుట్టింది. రెండిట్లో ఏది తీసేస్తావో చెప్పు, అందరూ వింటా ఉండారు."

"తేల్చండి సామీ, వల జారిపోతా ఉంది!" అని ముందున్న వాళ్లెవరో అరిచారు. అందరూ నవ్వారు. పెద్దకాపు, లాగేవాళ్ల కోసం తాడు పక్కన పెట్టే మంచినీళ్ల కుండ తనే ఎత్తుకొచ్చి, మొదటి ముంత ఆ పిల్ల నోటికి అందించాడు. ఐలేసా అని తనే ముందు కేక వేశాడు. ఆరోజు గంగమ్మ తల్లి వల నిండా కవళ్ల చేపలు ఇచ్చింది. ఒడ్డున వాటాల కుప్పలు తొమ్మిది ఎక్కువ పడ్డాయి. కాల్చుకోను నిప్పు కూడా ఆయన ఇంటి నుంచే వచ్చింది.

మర్నాడు అధికారుల వెంట, యుద్ధంలో చిక్కినవాళ్లకు సాయం చేసే విదేశీ సంస్థ నుంచి ఒక డాక్టరమ్మ పాలపొడి, దుప్పట్లు తీసుకుని వచ్చింది. తొమ్మిది మందినీ పరీక్షించి, అందరూ బాగున్నారని, వీళ్లకు అన్నం పెట్టిన పుణ్యాత్ములెవరని అడిగించింది.

పెద్దకాపు ఛాతీ విరిచి నిలబడ్డాడు. "మేం పెట్టలేదమ్మా. మాతో తాడు లాగినారు, వాళ్ల వాటా వాళ్లు తిన్నారు."

ఊరంతా ఈలలు వేసింది. ఆ పిల్ల వ్యాను ఎక్కుతూ తల ఎత్తి నాకు చెయ్యి ఊపింది.

"నీ గంజి అయితే తలొంచుకుని తాగుండేది మే" అంది అవ్వ, నా తల నిమురుతూ.

ఇప్పుడు మా భజన మందిరం ఆడవాళ్లం, యుద్ధాలు జరిగే దేశాలకు పంపమని దుప్పట్లు మూటలు కట్టి ఇస్తుంటాం. ఎవరైనా అయ్యో పాపం అనబోతే నేను అననివ్వను, ఇది వాళ్ల వాటా అంటాను. మూటకు తాడు బిగించేటప్పుడు నా చేతి పక్కన ఇంకో చిన్న చెయ్యి ఉన్నట్టే ఉంటుంది. గంగమ్మకు, అవ్వకు, ఆ పెద్దకాపుకు కూడా మనసులో దండం పెట్టుకుని ముడి వేస్తాను.