బొమ్మ తెచ్చే సిరాజు

మా కంచరపాలెం వీధిలో సిరాజు ఎక్కని మేడ లేదు. ఇరవై రెండేళ్ల వయసులో సైకిలుకు టీవీ యాంటెనాల అల్యూమినియం గొట్టాలు కట్టుకుని వన్‌టౌన్ నుంచి తొక్కుకుంటూ వచ్చాడు మొదటిసారి. ఇప్పుడు అతనికి అరవై రెండు. నన్ను అక్క వరసన అప్పా అంటాడు, మా ఆయన సింహాద్రిని బావా అంటాడు. ఆ వరసలు ఎవరు కలిపారో, ఎప్పుడు కలిపారో నాకు గుర్తులేదు. టీవీ కొన్న రోజే కలిసి ఉంటాయి.

ఆ రోజుల్లో యాంటెనా తిప్పడమంటే ముగ్గురి పని. మేడ మీద సిరాజు, మెట్ల మీద నేను, టీవీ ముందు మా ఆయన.

"వచ్చిందా?" అని పైనుంచి సిరాజు కేక.

"వచ్చిందా?" అని నేను లోపలికి.

"వచ్చింది గానీ ఒక్కో మనిసికీ ఇద్దరేసి అవుపడతన్నారు!" అని మా ఆయన.

నేను ఆ మాట పైకి మోసేలోపే పక్క మేడ మీద బట్టలారేస్తున్నవాళ్లు "ఎడమకి తిప్పు, ఎడమకి!" అని అరిచేవారు. ఎదురింటి రైల్వే గార్డు గురునాథరావు గారైతే తన ఇంట్లో బొమ్మ బాగానే ఉన్నా బయటికి వచ్చి చెయ్యి ఊపేవారు. ఇన్ని కేకల్లోనూ, వెనక గూడ్సుబండి పోతున్నా, మా ఆయన లోపల గొణిగింది కూడా సిరాజుకు వినపడేది. "రెండో మనిసి సగం పోయినాడు కదా బావా?" అని పైనుంచే అడిగేవాడు. పనంతా చెవితోనే చేసేవాడు. పని అయ్యాక ఇంట్లో పెద్దవాళ్లెవరో ఒకరు బొమ్మ బాగుందని నోటితో చెబితేగాని టీ ముట్టేవాడు కాదు. మా అత్తగారికి రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆవిడ "బాగుందిరా బాబూ" అనేదాకా నిలబడే ఉండేవాడు.

యాంటెనాలు పోయి డిష్‌లు వచ్చాయి. సిరాజు అదీ నేర్చుకున్నాడు. హుద్‌హుద్ తుఫానుకు మా వీధి డిష్‌లన్నీ తలోవైపు తిరిగిపోతే, కరెంటు ఇంకా రాకముందే వచ్చి ఒక్కొక్కటీ సరిచేసి, నట్లకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి వెళ్లాడు. "ఇక్కడ గాలిలో ఉప్పుంటాదప్పా, ఇనుముని తినేత్తాది" అనేవాడు. తరువాత బళ్ల మీద కంపెనీ మనుషులు రావడం మొదలైంది. వాళ్ల చేతిలో మీటరుంటుంది. కేకలతో పని లేదు. మేము సిరాజును పిలవడం ఎప్పుడు మానేశామో చెప్పమంటే నాకు సిగ్గుగా ఉంటుంది.

ఈ వేసవిలో మా ఆయన మోకాలికి ఆపరేషన్ అయింది. పొద్దున్నుంచి టీవీ ముందే కూర్చోవాలి. సరిగ్గా అప్పుడే టీవీకి రోగం పట్టుకుంది. రోజూ పది దాటేసరికి బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోవడం, ఆపైన సిగ్నల్ లేదని రాయడం. మా ఆయన కింద నుంచి అరిచేవాడు. నేను మేడ దిగి వచ్చి చూస్తే బొమ్మ నిక్షేపంలా ఉండేది.

కంపెనీవాళ్లు మూడుసార్లు వచ్చారు. పెట్టె మార్చారు, తీగ మార్చారు. డిష్ ముందు చెయ్యి చాపినట్టు ఒక కడ్డీ ఉంటుంది. దాని చివర పిడికిలంత ముక్క. ఆకాశంలోంచి వచ్చేదంతా పట్టుకునేది అదేనట, నేను అడిగి తెలుసుకున్నాను. అదీ మార్చారు. మూడుసార్లూ నేను వాళ్ల పక్కనే నిలబడి ఈ మర ఏమిటి, ఆ పిన్ను ఏమిటి అని అడుగుతూనే ఉన్నాను. ఒక్కసారి కూడా వాళ్ల ఎదుట బొమ్మ విరగలేదు.

"కునుకు తీసి కలలు కంటన్నావేటయ్యా, మతి గానీ పోయిందా? డాట్రు కాడికి తీసుకెళ్తాను పద" అన్నాను మా ఆయనతో.

"నా మోకాలికే కదే ఆపరేసను సేసినారు, కళ్లకి కాదు కదా!" అన్నాడు. మాట అన్నాడే గాని, లోపల బెంగపడ్డాడు. కంపెనీవాళ్లను నాలుగోసారి పిలవమని అడగలేదు. అది చూసి సిరాజుకు ఫోన్ చేశాను.

ఎత్తింది కూతురు నర్గీస్. "పెద్దమ్మా, అబ్బా ఇంక పనికి రారు. సెవులు బాగా మందగించేసినాయి. మొన్న వెనకాలే లారీ హారన్ కొట్టినా ఇనపడనేదు, ఎవరో సెయ్యి పట్టి లాగినారు. ఆదివారం పెందుర్తి మా ఇంటికి తీసుకెళ్లిపోతన్నాను. అక్కడ మా ఆయన మొబైల్ షాపులో అబ్బా కూకుంటారు."

మా ఆయన గొణిగింది మేడ మీద విన్న చెవులు అవి. నేను బతిమాలాను. వెనక సిరాజు "ఎవరది? అప్పాయేనా? వత్తానని సెప్పు!" అంటున్నాడు.

మర్నాడు తొమ్మిదిన్నరకు నర్గీస్ స్కూటర్ మీద తండ్రిని దింపి, గుమ్మంలోనే అతని చెవి దగ్గర గట్టిగా చెప్పింది. "అబ్బా, మాటంటే మాటే. కంపెనీవోళ్లకి దొరకనిది మీకు దొరికితే నాను నోరెత్తను, మీ పని మీరు సేసుకోండి. దొరక్కపోతే ఆదివారం పెందుర్తి."

ఏమవుతుందో చూద్దామని తనూ ఆగింది. సిరాజు తలూపాడు. సంచీ విప్పలేదు. మా ఆయన పక్కన కూర్చుని, "బావా, బొమ్మ పోయినప్పుడు ఇంట్లో ఎవరెవరు ఎక్కడుంటారు?" అని అడిగాడు. తీగ గురించి అడిగినవాళ్లే గాని మనుషుల గురించి ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"నాను ఇక్కడే. ఇది మేడ మీద" అన్నాడు మా ఆయన గట్టిగా.

"అయితే అప్పా, నాను రానట్టే అనుకో. రోజూ ఏటి సేత్తావో అదే సెయ్యి."

చేశాను. స్నానం చేసి, తలకు చుట్టుకున్న తువ్వాలతోనే మేడ ఎక్కాను. జుట్టు విరబోసుకుని పిట్టగోడకు ఆనుకున్నాను. పదింటికి మా వీధిని ఒకసారి చూడకపోతే నాకు అన్నం సహించదు. రెండిళ్ల అవతల దొరబాబు ఇంట్లో కొత్త ఫ్రిజ్ దింపుతున్నారు. ఎన్ని లీటర్లదో అట్టపెట్టె మీద చదువుదామని ముందుకు వంగాను.

కింద మా ఆయన అరిచాడు. "పోయింది! సూడు, సూడు, పోయింది! నాను సెప్పనేదా?"

వెనక అడుగుల చప్పుడైతే తిరిగాను. సిరాజు. ఆయాసపడుతూ డిష్ దగ్గర నిలబడి ఉన్నాడు. దాని కడ్డీ మీద నా తడి తువ్వాలు, రెండు మడతలుగా, చివరి ముక్కను నిండా కప్పి ఆరుతోంది. రోజూ అక్కడే వేస్తాను. చేతికందే ఎత్తులో ఉంటుంది మరి. మా ఆయన అరవగానే దాన్ని భుజాన వేసుకుని దిగుతాను. కంపెనీ మనుషులు వస్తే వాళ్ల పక్కనే ఉంటాను, ఇక మేడ మీద తువ్వాలెక్కడిది?

సిరాజు తువ్వాలు ఎత్తాడు. "వచ్చింది!" అని కింద నుంచి నర్గీస్ కేక. అతను నా ముఖం వైపు చూస్తున్నాడు. వినపడలేదని నాకు తెలిసింది. వచ్చిందని తలూపాను.

అతను నవ్వలేదు. తువ్వాలు నా చేతిలో పెట్టి, "దండెం మీద ఏసుకో అప్పా. కింద తుప్పని సెప్తాన్లే" అన్నాడు మెల్లగా.

కొత్త తీగకు, కొత్త ముక్కకు తుప్పేమిటని నర్గీస్ అడగదా? సిరాజు కూతురు, అడుగుతుంది. నా పరువు కాపాడి ఇతను ఆదివారం పెందుర్తి వెళ్లి కూర్చుంటాడు. నేను అతనికంటే ముందు మెట్లు దిగాను. తువ్వాలు అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకున్నాను.

"దొంగని నానే. దీన్ని డిష్ మీద ఆరేత్తన్నాను. సిరాజు పట్టుకున్నాడు."

మా ఆయన ముందు నోరు తెరిచాడు, తరువాత మోకాలు పట్టుకుని మరీ నవ్వాడు. "నాకు మతి పోయిందన్నావు కదే! డాట్రు కాడికి తీసుకెళ్తానన్నావు కదే! వీధందరి గుట్టూ తెలుసు, నీ తువ్వాల గుట్టు తెలీదు!"

"అను, ఇంకా అను" అన్నాను. అనవలసిందే.

నర్గీస్ కూడా నవ్వింది. నవ్వి, తండ్రి చెవి దగ్గర వంగి, "ఎలాగ పట్టుకున్నారబ్బా?" అని అడిగింది.

"ఆల్లు డిష్‌ని సూసినారు. నాను అప్పాని సూసినాను" అన్నాడు సిరాజు. "నలబై ఏళ్లనించీ సూత్తన్నాను కదా, పది గంటలకి ఎక్కడుంటాదో నాకు తెలీదేటి?"

నర్గీస్ టీ తాగిన గ్లాసు కిందపెట్టి, "రేకుల ఇళ్లు ఎక్కకూడదు. సైకిలు తొక్కకూడదు. సెవి మిషను పెట్టుకోవాల" అని వేళ్లు మడిచి చెప్పింది. మూడింటికీ తలూపాడు సిరాజు. మూడోదానికి కొంచెం ఆలస్యంగా.

వాళ్లు చెప్పులు వేసుకునేలోపు నేను ఈ సంగతి పిట్టగోడ మీది నుంచి నాలుగిళ్లకు చెప్పేశాను. నా తప్పు నేను చెప్పుకుంటే ఎవరికేం నొప్పి? స్కూటర్ వీధి చివరికి వెళ్లేసరికి దొరబాబు భార్య నాగశ్రీ పరుగున బయటికి వచ్చింది. "సిరాజు బాబాయ్! మాకూ చినుకు పడితే బొమ్మ పోతంది!" అని కేకేసింది.

వెనక కూర్చున్న సిరాజు తల తిప్పలేదు. నర్గీస్ బ్రేకు వేసింది. ఒక కాలు నేల మీద ఆనించి స్కూటర్ వెనక్కి తిప్పుతూ, "ఏ ఇల్లు వదినా?" అని అడిగింది.