చెట్టు కింది గొంతు

“నేను ఆగమన్నాను. ఆయనకి వినపడింది. వినపడీ కోశాడు. నా మంటంతా అదే తమ్ముడూ. భుజం జారినందుకు కాదు.”

సుల్తాన్ బీ చేతిలో ఆకురాయి రంపం పళ్ళ మీద కర్రుమంటూ నడుస్తోంది. మాట మాటకీ ఒక పన్ను పదునెక్కుతోంది. తెనాలిలో మా వీధి చివర ఇల్లు వాళ్ళది. వంటగది గడప మీద ఆమె, ఎదురుగా పీట మీద నేను, వాకిట్లో మంచం మీద ఆమె భర్త నాసిర్. మధ్య తలుపు బార్లా తీసే ఉంది. అయినా బాపట్ల నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆమె ఆయనతో మాట్లాడటం లేదు. అన్నం వడ్డించి కంచం ఠంగుమనేలా కింద పెడుతుంది. అదే పిలుపు.

ఇళ్ళ మీదికి వాలిన కొమ్మలు నరకడం, గోడల్ని చీల్చే చెట్లు కొట్టడం, కొబ్బరి మట్టలు దించడం వాళ్ళ పని. నాసిర్ ఎక్కుతాడు. ఆయన తమ్ముడు షాకిర్ కింద మోకు పడతాడు. కోసిన కొమ్మ ధబీమని పడకుండా ఆ లావుపాటి తాడుతో మెల్లగా దించుతాడు. సుల్తాన్ బీ చేతిలో ఏమీ ఉండదు. చెట్టుకి ఎడంగా, నాలుగు వైపులూ కనపడే చోట నిలబడి అరుస్తుంది. ఆగు. కొయ్యి. వదులు. కొమ్మల్లో కూర్చున్నవాడికి కింద ఎవరున్నారో, మోకు బిగిసిందో లేదో తెలియదు. ఆకుల మధ్య నుంచి వచ్చే ఆ గొంతే ఆయనకి కళ్ళు.

“చూసేవాళ్ళకి అదొక పనిలా కనపడదుగా,” అంది. “‘ఏమ్మా, క్యారేజీ తెచ్చావా? అక్కడ పెట్టెళ్ళు’ అన్నవాళ్ళున్నారు. వడ్లమూడిలో ఒకావిడైతే, ఊరికే నిలబడ్డావుగా, కాస్త చిక్కుడుకాయలు ఒలిచిపెట్టమంది.”

“ఒలిచావా అక్కా?”

“ఒలిచా. ఒలుస్తూనే అరిచా. గింజలు ఆమె బుట్టలో పడ్డాయి, కొమ్మ నేను చెప్పిన చోట పడింది.”

నవ్వబోయి ఆగిపోయింది. వాకిట్లో నాసిర్ కూడా నవ్వాడని ఆమెకి తెలిసిపోయింది. ఆకురాయి మళ్ళీ కర్రుమంది.

ఆ గొంతు ఎక్కడిదని ఎప్పటినుంచో అడుగుతున్నాను. ఇవాళ కోపంలో చెప్పింది. పుట్టిల్లు రేపల్లె. తండ్రి పెనుమూడి రేవులో బల్లకట్టు మీద పనిచేసేవాడు. అప్పటికింకా అక్కడ కృష్ణ మీద వంతెన రాలేదు.

“మంచు పట్టిందంటే అవతలి ఒడ్డు సంగతటుంచు, కాళ్ళ కింద నీళ్ళే కనపడవు. మా అబ్బా నన్ను రేవులో నిలబెట్టి, ‘అరుస్తా ఉండవే, నీ గొంతు పట్టుకుని వచ్చేస్తా’ అనేవాడు. ఇంకెవర్నీ అరవనిచ్చేవాడు కాదు. పది మంది పిలిస్తే పది రేవులవుతాయనేవాడు. గేదెలు, సైకిళ్ళు, పెళ్ళివాళ్ళు, అందరూ నా గొంతు మీదే ఒడ్డుకొచ్చారు. ఒక్కడన్నా ‘ఆడపిల్ల గొంతు, మేం రాం’ అన్నాడా?”

పెళ్ళైన కొత్తలో ఒకరోజు నిజంగానే క్యారేజీ పట్టుకుని చేబ్రోలు వెళ్ళింది. నాసిర్ వేపచెట్టు మీద ఉన్నాడు. కింద ఇంటావిడ ఒకటి చెబుతోంది, ఆమె అన్నగారు ఇంకొకటి, దారినపోయేవాళ్ళు ఆగి మరొకటి. పైనున్న మనిషి ఏ మాట వినాలో తెలియక తల అటూ ఇటూ తిప్పుతున్నాడు. సుల్తాన్ బీ క్యారేజీ కింద పెట్టి, “నోళ్ళు ముయ్యండి అందరూ! ఎక్కింది మీ మొగుడా?” అని ఒక్క కేక పెట్టింది. వీధి వీధంతా నిశ్శబ్దం. ఆ సాయంత్రం నాసిర్, “రేపట్నించి నువ్వూ రా. నీ మాట తప్ప ఇంకో మాట వినను,” అన్నాడట.

“అన్నాడా లేదా అడుగు,” అంది నాతో, వాకిలి వైపు గడ్డం చూపించి.

“అన్నాను తమ్ముడూ,” అన్నాడు నాసిర్ వాకిట్లోంచి.

“మరి బాపట్లలో ఏమైందో అడుగు!”

ఆమే చెప్పింది.

బాపట్లలో వెంకటప్పయ్యకి షామియానాల వ్యాపారం. పెరట్లో పెద్ద నేరేడు చెట్టు. సగం కొమ్మలు రోడ్డు వైపు, సగం పక్కనున్న జెస్సీ రేకుల ఇంటి మీదికి. రోడ్డు వైపు కొమ్మలు చక్కగా దిగాయి. వెంకటప్పయ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పందిళ్ళు వేసే పనివాళ్ళ మీద పొద్దస్తమానం అరిచే మనిషి, చెట్టు కింద ఊరుకోగలడా? మధ్యాహ్నం జెస్సీ వైపు మొదటి కొమ్మకి మోకు కట్టారు. షాకిర్ ఇంకా తాడుని చెట్టు మొదలుకి చుడుతూనే ఉన్నాడు.

“‘కొయ్యనా’ అన్నాడు పైనుంచి. ‘ఆగు’ అన్నాను. వెంకటప్పయ్య లేచి, ‘ఏం ఆగేది? కొయ్యవయ్యా, నేను చెప్తున్నాగా!’ అన్నాడు. నేను మళ్ళీ ఆగమన్నా. ఈయన కోశాడు.”

కొమ్మ ఒక్క ఊపున తిరిగింది. మోకు షాకిర్ చేతుల్లోంచి జారిపోయింది. కొమ్మ మొదలు నాసిర్ భుజానికి తగిలి, చివర జెస్సీ రేకుని పగలగొట్టింది. ఆ రేకు కింద అప్పుడు ఎవరూ లేరు. నాసిర్ నడుం బెల్టుకి వేలాడుతూ ఉండిపోయాడు.

“అప్పుడు వెంకటప్పయ్య గొంతు ఎక్కడికి పోయిందనుకున్నావ్? ఇంట్లోకి. ‘దించండి’ అని అరిచింది మళ్ళీ నేనే.”

“తమ్ముడూ,” అన్నాడు నాసిర్ నెమ్మదిగా, “ఇల్లుగలాయన నిలబడి చెప్తుంటే కాదని ఎట్టా అంటాం?”

ఆకురాయి నేల మీద పడింది.

“విన్నావా! ఆయన గొంతుకి ఇల్లుంది. ఆయన గొంతుకి మీసముంది. నా గొంతుకేముంది? ఇన్నేళ్ళు ఈయన్ని ప్రాణంతో దించిన గొంతు, ఒక్క మగాడు కేకెయ్యగానే కాకి అరుపైపోయింది. సరే, దెబ్బ తగిలింది, బుద్ధొచ్చిందనుకున్నా. పొద్దున ఆ వెంకటప్పయ్య ఫోన్ చేశాడు. స్పీకర్లో నేనూ విన్నా. ‘భుజం సర్దుకుందిగా, వచ్చి మిగతాది కొట్టు. మీ ఆవిణ్ణి మాత్రం తీసుకురామాక, ఊరికే కంగారు పెడతది. కింద నేను చూసుకుంటా’ అన్నాడు. మా ఆయనేమన్నాడో తెలుసా? ‘సరేనండి.’ సరేనండి అట!”

వెళ్ళకుండా ఉండే దారి లేదు. ఒకరు మొదలుపెట్టి వదిలిన చెట్టుని ఇంకొకరు ముట్టుకోరు. ఎక్కడ గాటు పడిందో, ఎక్కడ లోపల చిట్లిందో మొదలుపెట్టినవాళ్ళకే ఎరుక. వెంకటప్పయ్య పిలిచిన వాళ్ళు వచ్చి, చూసి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. ఇప్పుడు నేరేడు బరువంతా జెస్సీ ఇంటి వైపే వాలి ఉంది. టీవీలో అల్పపీడనం అంటున్నారు. జెస్సీ పిల్లల్ని తీసుకుని చర్చి హాల్లో పడుకుంటోంది.

“ఆమె కూడా ఫోన్ చేసింది. ‘అక్కా, నువ్వొస్తున్నావుగా?’ అంది. ఆ ఒక్కమాటే అడిగింది. చెట్టెక్కే ఆయన్ని కాదు, నన్ను అడిగింది.” సుల్తాన్ బీ కళ్ళు తుడుచుకుంది, అది కూడా విసురుగానే. “ఏం చెప్పమంటావ్? ఆ షామియానా గొంతు కింద ఈయన్ని ఒంటరిగా పంపించి ఇక్కడ గోంగూర ఒలుచుకోనా?”

పదునైన రంపం గోడకి చేరవేసింది. వాకిట్లో మంచం కిర్రుమంది.

“నువ్వు వెళ్ళేటప్పుడు ఆయన దగ్గర కాసేపు ఆగు తమ్ముడూ. చెప్పు. రేప్పొద్దున బాపట్ల రైలుకి నేనూ వస్తున్నా. చెట్టు మీద ఉండగా నా గొంతు కాక ఇంకో గొంతు వినపడితే కొయ్యొద్దు, వాదించొద్దు, దిగి వచ్చెయ్యమను. ఇల్లుగలాయనైనా సరే, జిల్లాగలాయనైనా సరే. ఒప్పుకుంటే నీతో చెప్పి పంపించొద్దను. అక్కడ కూర్చునే, ఇక్కడున్న నాకు వినపడేలా, ఆయన గొంతుతోనే చెప్పమను. వెళ్ళు.”